మెయిల్ సిగ్నేచర్: పెట్టడం ఒక ఎత్తు, చెదరకుండా నిలబెట్టడం ఒక ఎత్తు

సెట్టింగ్స్ పెట్టెలో చూసినప్పుడు ఏ సిగ్నేచరైనా అందంగానే ఉంటుంది. దాని సంగతి తేలేది అక్కడ కాదు. అవతలివాళ్ల ఔట్‌లుక్‌లో, వాళ్ల ఫోన్ డార్క్ మోడ్‌లో, ఐదారు రిప్లైలు అటూ ఇటూ తిరిగాక థ్రెడ్ అడుగున ఎలా మిగిలిందన్నదే లెక్క. ఒక ఆఫీసు మొత్తానికి సిగ్నేచర్లు తయారుచేసి, జీమెయిల్‌లోకీ ఔట్‌లుక్‌లోకీ ఫోన్లలోకీ ఎక్కించి, ఆ తర్వాత వాటి మంచిచెడ్డలు చూసుకునే పనిలో తెలిసొచ్చిన విషయాలు ఇవి. రంగులు, డిజైన్ల గురించి తక్కువే చెబుతాను. ఏది ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నదే ఎక్కువ.

ముందే ఒక మాట. డిజిటల్ సిగ్నేచర్ వేరు, ఇది వేరు. మెయిల్ ఫలానావాళ్లే పంపారనీ, దారిలో ఎవరూ మార్చలేదనీ రుజువు చేసే ఎస్‌మైమ్, పీజీపీ లాంటివి డిజిటల్ సిగ్నేచర్లు. ఇక్కడ మాట్లాడుకునేది మెయిల్ చివర వచ్చే పేరు, హోదా, ఫోన్ నంబరు గురించి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడే చోటు ఒకటుంది, అది తర్వాత వస్తుంది.

ఏం రాయాలన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుందనుకుంటారు గానీ, ఆఫీసుల్లో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది దాని మీదే. నా వరకు పూర్తి పేరు, హోదా, సంస్థ పేరు, ఎత్తే ఫోన్ నంబరు ఒక్కటి, వెబ్‌సైటు ఉంటే చాలు. మూడు నంబర్లు ఇస్తే దేనికి చేయాలో అవతలివాళ్లకు తెలియదు. మెయిల్ అడ్రస్ పైన ఫ్రమ్ లైన్లో ఉంది కదా, మళ్లీ కింద ఎందుకని చాలామంది తీసేయమంటారు. నేను ఉంచమనే చెబుతాను. మెయిల్ నలుగురి చేతులు మారి ఫార్వర్డ్ అయినప్పుడో, ప్రింటు తీసినప్పుడో పైన పేరు మాత్రమే మిగిలి అడ్రస్ మాయమయ్యే సందర్భాలు ఉంటాయి. ఎవరూ వాడని ఫ్యాక్స్ నంబరు, వరసగా ఆరు సోషల్ మీడియా గుర్తులు, ప్రింటు తీసేముందు చెట్ల గురించి ఆలోచించమనే వాక్యం తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. సూక్తులైతే అసలే వద్దు. సంతాపం తెలుపుతూ రాసిన మెయిల్ కింద కూడా 'ఎప్పుడూ నవ్వుతూ ఉండండి' అని అదే వచ్చి కూర్చుంటుంది.

ఫోన్ నంబరు ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్ తప్పకుండా ఉండాలి. కంటికి కనిపించే నంబరులో చదవడానికి వీలుగా ఖాళీలు పెట్టుకోవచ్చు. దాని వెనక పెట్టే ఫోన్ లింకులో మాత్రం ప్లస్, అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మనం లింకు పెట్టకపోతే ఐఫోను తనంతట తానే నంబరును గుర్తుపట్టి నీలం రంగు, కింద గీత తగిలిస్తుంది. మనమే లింకు పెట్టి రంగు చెబితే ఆ గోల చాలావరకు తగ్గుతుంది.

సంస్థ తరఫున వెళ్లే మెయిల్ అయితే చట్టం అడిగేవి కొన్ని ఉండొచ్చు. బ్రిటన్‌లో 2007 జనవరి 1 నుంచి కంపెనీల వ్యాపార మెయిళ్లలో రిజిస్టరైన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కడ రిజిస్టరైంది, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉండాలి. జర్మనీలోనూ అలాంటి నియమం ఆ సంవత్సరం నుంచే ఉంది. మీ దేశంలో ఏముందో డిజైన్ మొదలుపెట్టకముందే కంపెనీ వ్యవహారాలు చూసేవాళ్లను అడగండి. అంతా అయ్యాక ఆ నాలుగు వరుసలు ఇరికించాల్సి వస్తే మొత్తం కొలతలు మారిపోతాయి. 'ఈ మెయిల్ పొరపాటున మీకు వచ్చి ఉంటే...' అని మొదలయ్యే పెద్ద పేరా సంగతి వేరు. మెయిల్ అందుకున్నంత మాత్రాన ఎవరూ ఒప్పందం కుదుర్చుకున్నట్టు కాదు కాబట్టి దానికి పెద్ద బలం ఉండదు. లాయరు ఉండాలంటే రెండు వాక్యాలకు కుదించి, చిన్న అక్షరాల్లో పెట్టండి.

ఎంత పొడుగు ఉండాలన్నదానికి పాత కొలత ఒకటుంది. ఆర్‌ఎఫ్‌సీ అన్న పేరుతో వచ్చే ఇంటర్నెట్ పత్రాల వరసలో 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే మర్యాదల పత్రం సిగ్నేచర్ నాలుగు వరుసలు దాటకపోతే మంచిదని చెప్పింది. అప్పట్లో కనెక్షన్లు నెమ్మది, ఇప్పుడా బాధ లేదు. అయినా ఫోన్ తెర మీద నాలుగు వరుసలు ఇప్పటికీ సరైన కొలతే. ఆ కాలం నుంచే వస్తున్న ఇంకో ఆచారం సిగ్నేచర్‌కు పైన రెండు అడ్డగీతలు, వాటి తర్వాత ఒక ఖాళీ ఉన్న వరుస. 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3676 దీన్ని ప్రస్తావిస్తుంది. ఇది అలంకారం కాదు. థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాములు ఆ వరుస చూసే 'ఇక్కడి నుంచి సిగ్నేచర్' అని గుర్తుపట్టి బూడిద రంగులో చూపిస్తాయి, రిప్లై కొట్టేటప్పుడు దాన్ని కత్తిరించేస్తాయి. గీతల తర్వాత ఆ ఒక్క ఖాళీ లేకపోతే గుర్తుపట్టవు. కొన్ని ఎడిటర్లు వరుస చివరి ఖాళీని చెప్పాపెట్టకుండా తుడిచేస్తాయి కాబట్టి ఇది పనిచేయకపోతే ముందు చూడాల్సింది అదే.

రెండు సిగ్నేచర్లు చేసుకోండి. మొదటిసారి రాసే మెయిల్‌కు పూర్తిది, రిప్లైలకూ ఫార్వర్డులకూ చిన్నది. చిన్నదానిలో పేరు, ఫోన్ నంబరు, మహా అయితే సంస్థ పేరు ఉంటాయి. బొమ్మ ఉండదు. ఈ ఒక్క పని చేస్తే సిగ్నేచర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణమే ఉండదు. ఇద్దరి మధ్య పది రిప్లైలు నడిస్తే లోగో పదిసార్లు పేరుకుపోదు, ఫోన్‌లో చదివేవాళ్లు అసలు మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. జీమెయిల్ అయితే మెయిల్ కోడ్ 102 కేబీ దాటగానే మిగతాది కత్తిరించి, పూర్తిగా చూడాలంటే ఇక్కడ నొక్కండి అని లింకు పెడుతుంది. పెద్ద సిగ్నేచర్లు మళ్లీ మళ్లీ చేరుతూ పోతే ఆ హద్దు త్వరగానే వచ్చేస్తుంది.

ఇక కట్టడం. వెబ్ పేజీలు చేసే చెయ్యి ఉన్నవాళ్లు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటారు. విండోస్ క్లాసిక్ ఔట్‌లుక్ (కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకునే పాత తరహాది) 2007 వెర్షన్ నుంచి మెయిళ్లను చూపించడానికి మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్‌ను వాడుతోంది. బ్రౌజర్లు మామూలుగా అర్థం చేసుకునే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, గుండ్రటి మూలలు, గరిష్ఠ వెడల్పు దానికి పట్టవు. అందుకే పాతకాలం పద్ధతిలో టేబుల్ కట్టాలి. ఎడమ గడిలో లోగో, కుడి గడిలో వివరాలు. సెల్‌ప్యాడింగ్, సెల్‌స్పేసింగ్, బోర్డర్ మూడూ సున్నా. ఎడం కావాల్సిన చోట టేబుల్ గడికే ప్యాడింగ్ ఇవ్వాలి, దాన్ని ఔట్‌లుక్ గౌరవిస్తుంది. డివ్‌కో పేరాకో ఇస్తే నమ్మకం లేదు. స్టైలంతా ఆయా ట్యాగులోనే రాయాలి. విడిగా పైన రాసిన స్టైల్ బ్లాకు సిగ్నేచర్ పెట్టెలో అతికించేసరికే పోతుంది.

వెడల్పు 400 పిక్సెళ్ల లోపు ఉంచుతాను. 600 పెట్టినా కంప్యూటర్లో బాగానే ఉంటుంది గానీ, ఫోన్‌లో అది పట్టడానికి మెయిల్ మొత్తాన్ని కుదించేసి అక్షరాలు చీమల్లా చూపించే యాప్‌లు ఉన్నాయి. లోగో, వివరాలు పక్కపక్కన పెట్టడం కంటే వివరాలు పైన, లోగో కింద పెడితే ఫోన్‌లో ఇంకా నిక్కచ్చిగా నిలుస్తుంది. చూడ్డానికి కాస్త సాదాగా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం.

ఫాంటు ఏరియల్, వెర్డానా, తహోమా, జార్జియాల్లో ఏదో ఒకటి. సంస్థ కొనుక్కున్న ప్రత్యేక ఫాంటు అవతలివాళ్ల దగ్గర ఉండదు, ఔట్‌లుక్ దాని బదులు టైమ్స్ న్యూ రోమన్ పెట్టేస్తుంది. ఫాంటు పేరు చెప్పేటప్పుడు దాని వెంట ప్రత్యామ్నాయాలు కూడా రాయండి. అక్షరాల పరిమాణం పేరుకు 14 నుంచి 16 పిక్సెళ్లు, మిగతావాటికి 12 లేదా 13. బూడిద రంగు ముచ్చటగా ఉంటుందని మరీ లేతగా పెడితే వయసైనవాళ్లు చదవలేరు. అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నది అందరికీ అందుబాటు కోసం పెట్టిన ప్రమాణం, దాన్ని కొలిచే ఉచిత పరికరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

పేరు తెలుగులో కూడా పెట్టుకునేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. యూనికోడ్‌లోనే టైపు చేయాలి. డీటీపీ కోసం వాడే పాత ఫాంట్లలో కొట్టింది అతికిస్తే, ఆ ఫాంటు లేని ప్రతి చోటా అర్థంలేని లాటిన్ గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్ అయితే విండోస్‌లో నిర్మల యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటివి ముందే ఉంటాయి కాబట్టి ఫాంటు ఏదైనా అక్షరం నిలుస్తుంది. రెండోది వరుస ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా ఎత్తును 'ఎగ్జాక్ట్లీ' అని బిగించేస్తే ఔట్‌లుక్‌లో తెలుగు ఒత్తులు, గుడులు తెగిపోయి కనిపిస్తాయి. తెలుగు వరుసకు ఎత్తు బిగించకండి, లేదా అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఇవ్వండి.

అన్నిటికన్నా తలనొప్పి తెచ్చేది బొమ్మ. దాన్ని పెట్టే దారులు రెండు. మెయిల్‌లోనే కలిపి పంపడం ఒకటి, వెబ్‌లో ఎక్కడో ఉంచి లింకు ఇవ్వడం ఇంకొకటి. కలిపి పంపితే అవతలివాళ్లకు నెట్ సంగతి ఎలా ఉన్నా బొమ్మ కనిపించే అవకాశం ఎక్కువ. కానీ మెయిల్ బరువు పెరుగుతుంది, అటాచ్‌మెంటు లేకపోయినా కొన్ని చోట్ల పిన్ను గుర్తు పడుతుంది. ఫిర్యాదులు తీసుకునే టికెట్ వ్యవస్థలకు రాస్తే ప్రతి రిప్లైతో పాటు ఇమేజ్001 అనే ఫైలు కొత్తగా చేరుతూ ఉంటుంది. లింకు ఇస్తే మెయిల్ తేలిక. అయితే క్లాసిక్ ఔట్‌లుక్ బయటి నుంచి వచ్చే బొమ్మలను మామూలుగా ఆపేసి ఉంచుతుంది, చదివేవాళ్లు అనుమతిస్తేనే తెస్తుంది. జీమెయిల్ 2013 చివరి నుంచి బొమ్మలను తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది కాబట్టి అక్కడ సాధారణంగా ఆ అడ్డు ఉండదు.

నేను లింకు వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద: బొమ్మ లేకపోయినా సిగ్నేచర్ పూర్తిగా పనిచేయాలి. ఫోన్ నంబరు, పేరు బొమ్మలో ఉండకూడదు. మొత్తం సిగ్నేచర్‌నే ఒక బొమ్మగా చేసి పెట్టేవాళ్లున్నారు. అది రాకపోతే మిగిలేది ఖాళీ గడి. వచ్చినా నంబరు కాపీ కాదు, మెయిల్ పెట్టెలో పేరుతో వెతికితే దొరకదు, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందదు. పైగా మాటలు తక్కువ, బొమ్మ ఎక్కువ ఉన్న మెయిళ్లను స్పామ్ ఫిల్టర్లు అనుమానంగా చూస్తాయి. ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్టు ఇవ్వండి. 'లోగో' అని కాదు, సంస్థ పేరే రాయండి. బొమ్మ ఆగిపోయిన చోట ఆ పేరు కనిపిస్తుంది.

ఫైలు పీఎన్‌జీ లేదా జేపీజీ. ఎస్‌వీజీని జీమెయిల్ చూపించదు. బేస్64 రూపంలో కోడ్‌లోనే బొమ్మను ఇమిడ్చినా జీమెయిల్‌లో రాదు. కొలత విషయంలో, తెర మీద 120 పిక్సెళ్ల వెడల్పు కావాలంటే ఫైలును 240కి చేసి, కోడ్‌లో వెడల్పు 120 అని రాయాలి. అప్పుడే చిక్కటి తెరల మీద మసక లేకుండా వస్తుంది. ఆ వెడల్పును స్టైల్‌లో మాత్రమే కాకుండా ట్యాగు విడ్త్‌గా కూడా రాయకపోతే ఔట్‌లుక్ దాన్ని పట్టించుకోక 240గానే పరిచేస్తుంది. ఫైలును 96 డీపీఐతో (అంగుళానికి 96 చుక్కలు) సేవ్ చేయండి. వెడల్పు చెప్పని చోట వర్డ్ ఇంజిన్ ఆ డీపీఐని చూసే కొలత నిర్ణయిస్తుంది, అందుకే ప్రింటు కోసం 300 డీపీఐలో చేసిన లోగో ఒక చోట చిన్నగా, ఒక చోట పెద్దగా కనిపిస్తుంది. లోగో 20 కేబీ లోపు ఉంటే మంచిది, మామూలు లోగోకు అంతకన్నా అవసరం పడదు.

డార్క్ మోడ్‌లో వచ్చే తంటా వేరు. వెనక పారదర్శకంగా ఉన్న నల్ల లోగో నల్ల తెర మీద మాయమవుతుంది. కొన్ని యాప్‌లు అక్షరాల రంగులను తిరగేస్తాయి గానీ బొమ్మల జోలికి వెళ్లవు. లోగో అంచుల చుట్టూ ఒకటి రెండు పిక్సెళ్ల తెల్ల గీత వేస్తే వెలుతురు తెర మీద అది కనిపించదు, చీకటి తెర మీద లోగోను కాపాడుతుంది. తెల్ల పెట్టెలో లోగోను పెట్టడం కూడా పనిచేస్తుంది, కాకపోతే చీకటిలో స్టాంపు అతికించినట్టు ఉంటుంది.

బొమ్మ ఎక్కడ ఉంచాలన్నది తేలిగ్గా తీసుకోకండి. గూగుల్ డ్రైవ్‌లో ఉంచితే అందరికీ కనిపించేలా షేర్ చేయాలి, లేకపోతే మీకు మాత్రమే కనిపిస్తుంది. పంపినవాళ్లకు బాగానే ఉండి అందుకున్నవాళ్లకు విరిగిన గడి కనిపిస్తోందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. సంస్థ సొంత డొమైన్‌లో, హెచ్‌టీటీపీఎస్ మీద, సిగ్నేచర్ల కోసమే ఒక ఫోల్డరు పెట్టడం అన్నిటికన్నా మేలు. వెబ్‌సైటు కొత్తగా కట్టినప్పుడు ఆ ఫోల్డరును ఎవరూ కదిలించకూడదని వెబ్ టీముకు రాతపూర్వకంగా చెప్పి ఉంచాలి. ఆ అడ్రస్ మారితే ఇప్పటిదాకా పంపిన మెయిళ్లన్నిటిలో లోగో విరిగిపోతుంది.

జీమెయిల్‌లో పెట్టడం: పైన కుడివైపు గేర్ గుర్తు, అన్ని సెట్టింగ్స్ చూడండి, జనరల్ ట్యాబ్, కిందికి వెళ్తే సిగ్నేచర్. క్రియేట్ న్యూ నొక్కి పేరు పెట్టాలి. అక్కడ కోడ్ రాసే వీలు లేదు. కోడ్ రాసి తయారుచేసుకున్న హెచ్‌టీఎంఎల్ ఫైలును బ్రౌజర్‌లో తెరిచి, కనిపిస్తున్నదాన్ని సెలెక్ట్ చేసి, కాపీ చేసి అతికించాలి. కోడ్‌నే అతికిస్తే మెయిల్ కింద కోడే కనిపిస్తుంది. హద్దు 10,000 అక్షరాలు. కంటికి నాలుగు వరుసలే ఉన్నా సిగ్నేచర్ మరీ పొడుగుందని జీమెయిల్ అంటే, అది వర్డ్ నుంచి తెచ్చి అతికించినదై ఉంటుంది. వర్డ్ తన దాగిన ఫార్మాటింగ్‌నంతా వెంట మోసుకొస్తుంది. కింద ఉండే రెండు డ్రాప్‌డౌన్లలో కొత్త మెయిళ్లకు ఏది, రిప్లైలకు ఏది అన్నది ఎంచుకోవాలి. ఒకటికి మించి అడ్రస్‌ల నుంచి పంపేవాళ్లు పైన అడ్రస్ మార్చి ఒక్కోదానికీ విడిగా ఎంచుకోవాలి. దాని కింద ఒక టిక్ పెట్టె ఉంటుంది: రిప్లైలలో సిగ్నేచర్‌ను పాత మెయిల్ పాఠానికి పైన పెట్టి, రెండు గీతల వరుసను తీసేయమనేది. అది పెట్టకపోతే మీ సిగ్నేచర్ థ్రెడ్ అట్టడుగుకు పోతుంది, ఎవరూ చూడరు. చివరగా పేజీ అడుగున సేవ్ ఛేంజెస్ నొక్కాలి. అది కనిపించనంత కిందుంటుంది, నొక్కకుండా వెళ్లిపోతే చేసిందంతా పోతుంది.

ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో మొబైల్ సిగ్నేచర్ అని వేరే గడి ఉంటుంది, అందులో ఉత్త మాటలే పడతాయి. రిప్లైల కోసం చేసుకున్న చిన్న సిగ్నేచర్ మాటలనే అక్కడ పెట్టేయండి.

క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్, సిగ్నేచర్స్. కొత్త ఔట్‌లుక్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిగ్నేచర్స్ అని వెతికితే దొరుకుతుంది. క్లాసిక్‌లో ఎడిటర్‌లోనే టైపు చేసేవాళ్లు వరుస మార్చడానికి ఎంటర్ కాకుండా షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి. ఎంటర్ కొడితే కొత్త పేరా అవుతుంది, వర్డ్ పేరాల మధ్య తన ఖాళీ తాను చేరుస్తుంది. వరుసల మధ్య ఎడం ఒక్కో మెయిల్‌లో ఒక్కోలా ఉందనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

క్లాసిక్ ఔట్‌లుక్ సిగ్నేచర్లను యాప్‌డేటాలో, రోమింగ్, మైక్రోసాఫ్ట్, సిగ్నేచర్స్ అనే ఫోల్డరులో దాచుకుంటుంది. ఒక్కో సిగ్నేచర్‌కు హెచ్‌టీఎం, ఆర్‌టీఎఫ్, టెక్స్ట్ అని మూడు ఫైళ్లు, బొమ్మలకు పక్కన ఒక ఫోల్డరు. శుభ్రంగా రాసిన కోడ్‌ను హెచ్‌టీఎం ఫైలులో నేరుగా పెట్టేయడం మంచి పద్ధతి, కానీ తర్వాత దాన్ని ఔట్‌లుక్ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే వర్డ్ తన చెత్తంతా నింపేస్తుంది. టెక్స్ట్ ఫైలును ఎవరూ చూడరు, చూడాలి. ఉత్త టెక్స్టులో వచ్చిన మెయిల్‌కు రిప్లై ఇస్తే అది కూడా ఉత్త టెక్స్టులోనే వెళ్తుంది, అప్పుడు వాడేది ఆ ఫైలునే. ఔట్‌లుక్ దాన్ని తనంతట తయారుచేసినప్పుడు ట్యాబులు, ఖాళీ వరుసలు, లింకులు కలగాపులగంగా ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి నాలుగు వరుసలుగా సర్దేయండి. ఇంకో సంగతి, మైక్రోసాఫ్ట్ 365 అకౌంట్లలో ఇప్పుడు సిగ్నేచర్లు క్లౌడ్‌లోనూ ఉంటాయి. ఫోల్డరులో ఎంత మార్చినా మర్నాటికి పాతదే తిరిగొస్తోందంటే క్లౌడ్‌లోని కాపీ వచ్చి దాని మీద పడుతోందన్నమాట. అలాంటప్పుడు యాప్ లోపలి నుంచే మార్చాలి.

ఐఫోన్‌లో 'సెంట్ ఫ్రమ్ మై ఐఫోన్' అన్నది ముందే ఉంటుంది. మెయిల్ సెట్టింగ్స్‌లో సిగ్నేచర్‌కు వెళ్లి, అకౌంటుకొకటి అనే ఎంపిక పెట్టుకుంటే ఆఫీసుదీ సొంతదీ కలవవు. మీకు మీరే పంపుకున్న మెయిల్ నుంచి సిగ్నేచర్‌ను కాపీ చేసి అక్కడ అతికించగానే రంగులు, పరిమాణాలు మారిపోతాయి. అప్పుడు ఫోన్‌ను ఒక్కసారి ఊపితే అన్‌డూ అడుగుతుంది. ఒప్పుకుంటే అతికించిన పాఠం అలాగే ఉండి, ఫోన్ చేసిన మార్పు మాత్రం వెనక్కి పోతుంది. మ్యాక్ మెయిల్‌లో అయితే సిగ్నేచర్ నా డిఫాల్ట్ ఫాంటులోనే ఉండాలి అన్న టిక్‌ను తీసేయాలి. థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లోనే గడి ఉంది, హెచ్‌టీఎంఎల్ వాడమని టిక్ పెడితే కోడ్ తీసుకుంటుంది, ఫైలు నుంచి కూడా తెచ్చుకుంటుంది. ఇంత సూటిగా ఉండేది అదొక్కటే.

పదిమంది దాటితే ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి పెట్టడం కుదరదు. సర్వరే చేర్చేలా చేద్దామనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లో మెయిల్ ఫ్లో రూల్‌తో, అంటే వెళ్లే మెయిళ్ల మీద సర్వర్ అమలుచేసే నియమంతో, డిస్‌క్లెయిమర్ అనే అడుగు పాఠం చేర్చవచ్చు. పేరు, హోదా, ఫోన్ నంబర్లను డైరెక్టరీ (ఉద్యోగుల వివరాల జాబితా) నుంచి తానే తెచ్చి నింపుతుంది. పాఠానికి హద్దు 5,000 అక్షరాలు, కోడ్‌తో కలిపి. దీని లోపాలు ముందే తెలుసుకుని దిగాలి. సిగ్నేచర్ తాజా రిప్లై కింద కాకుండా మొత్తం థ్రెడ్ అడుగున చేరుతుంది. బొమ్మను లోపల ఇమడ్చలేరు, లింకే ఇవ్వాలి. పంపినవాళ్ల సెంట్ ఐటమ్స్‌లో కనిపించదు, దాంతో 'నాకు సిగ్నేచర్ రావడం లేదు' అని ఫోన్లు వస్తాయి. డైరెక్టరీలో ఎవరికైనా మొబైల్ నంబరు లేకపోతే ఆ వరుస పోదు, 'మొబైల్:' అని ఖాళీగా మిగులుతుంది. అందుకని రూల్ రాయడం కన్నా ముందు డైరెక్టరీని శుభ్రం చేయాలి. హోదాలు ఒకరికి పూర్తిగా, ఒకరికి పొడి అక్షరాల్లో, ఒకరికి రెండేళ్ల కిందటివి ఉంటాయి. అసలు శ్రమంతా అక్కడే. ఒక థ్రెడ్‌లో పదేపదే చేరకుండా, మామూలు మెయిళ్లలో ఎక్కడా రాని ఒక ప్రత్యేకమైన మాటల వరుసను సిగ్నేచర్‌లో పెట్టి, అది ఇప్పటికే మెయిల్‌లో ఉంటే చేర్చవద్దని మినహాయింపు రాయాలి. చట్టం అడిగే వరుసలకు ఈ పద్ధతి సరిపోతుంది. పేరుతో ఉండే సిగ్నేచర్‌కు సరిపోదని నా అభిప్రాయం.

గూగుల్ వర్క్‌స్పేస్ అడ్మిన్‌లో అపెండ్ ఫుటర్ అని ఉంది, అది అందరికీ ఒకే పాఠం చేరుస్తుంది. ఒక్కొక్కరికి వాళ్ల పేరుతో పెట్టాలంటే జీమెయిల్ ఏపీఐలోని (ప్రోగ్రాములు జీమెయిల్‌తో మాట్లాడే దారి) సెండ్‌యాజ్ సెట్టింగ్ ద్వారా స్క్రిప్టుతో రాయాలి. ఇలా పెట్టింది ఉద్యోగులకు మెయిల్ రాసేటప్పుడే కనిపిస్తుంది, ఇది పెద్ద సుఖం. వాళ్లు దాన్ని మార్చేసుకోగలరు కూడా, కాబట్టి స్క్రిప్టును అప్పుడప్పుడూ మళ్లీ నడపాలి. నడిపే ముందు చెప్పండి. సెలవు రోజుల నోటు సిగ్నేచర్‌లో రాసుకున్నవాళ్లది చెరిగిపోతుంది.

డిజిటల్ సిగ్నేచర్‌తో గొడవ వచ్చేది ఇక్కడ. మెయిల్ దారిలో వేరే గేట్‌వే (మధ్యలో ఉండే సర్వర్) ఫుటర్ చేరుస్తుంటే, అది డీకిమ్ సంతకం, అంటే పంపే డొమైన్ తరఫున సర్వర్ వేసే సంతకం, పడకముందే జరగాలి. డీకిమ్ మెయిల్ పాఠానికి ఒక హ్యాష్ (పాఠం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టి సంతకం చేస్తుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం చేరినా అవతలి సర్వర్‌లో హ్యాష్ కుదరక సంతకం చెల్లదు. ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్; ఈ రెండిటిలో ఒకటైనా కుదిరిందా అని చూసే పరీక్ష డీమార్క్. ఎస్‌పీఎఫ్ సరిగ్గా ఉన్నంతకాలం డీమార్క్ దాటిపోతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఎవరో ఆ మెయిల్‌ను ఇంకో అకౌంటుకు ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ చేసుకున్నప్పుడు ఎస్‌పీఎఫ్ కూడా తప్పుతుంది, మెయిల్ స్పామ్‌లో పడుతుంది లేదా వెనక్కి పోతుంది. 'కొందరికే అందడం లేదు' అనే అంతుచిక్కని ఫిర్యాదు వస్తే, అందినవాళ్ల జీమెయిల్‌లో షో ఒరిజినల్ తెరిచి డీకిమ్ పాసైందా లేదా చూడండి. ఎస్‌మైమ్‌తో సంతకం చేసిన మెయిళ్లకూ ఇదే జబ్బు. వాటికి ఫుటర్ చేరకుండా మినహాయింపు పెట్టాలి.

పరీక్షించడానికి మెయిల్ పంపి చూస్తే చాలదు, దానికి రిప్లై తెప్పించుకుని, మళ్లీ రిప్లై ఇచ్చి, మూడో మనిషికి ఫార్వర్డ్ చేయించాలి. క్లాసిక్ ఔట్‌లుక్, జీమెయిల్ వెబ్, ఒక ఐఫోను, ఒక ఆండ్రాయిడ్ ఫోను కనీసం ఉండాలి. ఒకసారి డార్క్ మోడ్‌లో, ఒకసారి బొమ్మలు ఆపేసి, ఒకసారి ఉత్త టెక్స్టులో చూడాలి. లింకులు ఒక్కోటీ నొక్కి చూడాలి. ఫోన్ లింకులో ఒక అంకె తప్పు ఉంటే కంటికి కనిపించే నంబరు సరిగ్గానే ఉంటుంది కాబట్టి నెలలపాటు ఎవరికీ తెలియదు. కుదించిన లింకులు వాడకండి, ఎక్కడికి తీసుకెళ్తాయో కనిపించని వాటిని ఫిల్టర్లూ మనుషులూ ఇద్దరూ నమ్మరు.

తర్వాతి నిర్వహణలో ఎక్కువగా మర్చిపోయేది బ్యానర్. కార్యక్రమానికి రమ్మనే బ్యానర్‌ను సిగ్నేచర్ కింద పెట్టమని మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు. పెట్టే రోజునే తీసే తేదీ కూడా క్యాలెండర్‌లో రాసుకోవాలి. అదే అడ్రస్‌లో కొత్త బొమ్మ పెట్టి మార్చేద్దామంటే పాత మెయిళ్లలో కూడా కొత్త బ్యానర్ కనిపిస్తుంది, కిందటేడు పంపిన కొటేషన్ కింద ఈ ఏటి ఆఫర్ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ప్రతి బ్యానర్‌కూ ఫైలు పేరులో సంవత్సరం, నెల పెట్టి వేరే అడ్రస్ ఇవ్వండి. గడువు అయ్యాక ఫైలును తీసేయకుండా అక్కడే ఉంచండి, లింకును మాత్రం సంస్థ మొదటి పేజీకి మళ్లించండి.